ముప్పై ఒకటో నంబరు

మే నెల వచ్చినా మైనాట్‌లో మంచు పూర్తిగా పోదు,
గోడల వారన మురికిగా నక్కి ఉంటుంది.
జిమ్ కింద నేలమాళిగలో నా గది.
రెండు వాషింగ్ మెషీన్లు, ఒక డ్రయ్యరు,
పదిహేడేళ్ల గడ్డి మరకలు.

ఈ వారమే వాళ్లు దిగివస్తారు మెట్లు,
సంచి భుజాన, చూపు నేల మీద.
"లొరేన్, ఇవిగో."
జెర్సీలు రెండు, నిక్కర్లు రెండు,
మేజోళ్లు ఎప్పుడూ లెక్క తక్కువ.
ఎందుకు వెళ్తున్నావని నేనడగను.
బట్టలే చెబుతాయి.

ఆడిన పిల్ల జెర్సీ వేరు,
ఎన్ని నీళ్లు మార్చినా చంకల్లో ఉప్పు వదలదు.
కూర్చున్న పిల్లదానికి
వీపు దగ్గర మాత్రమే అరుగుదల,
బెంచీ పలక తిన్నంత మేర.

సిగ్రిడ్ ఆమ్డాల్‌ది అట్లాంటి జెర్సీ.
రెండో గోల్‌కీపర్. మూడేళ్లు.
మిగతా వాళ్లకి పచ్చిక మీద పది చోట్లున్నాయి,
ఒకరి మడమ బెణికితే ఇంకొకరికి దారి.
గోలు ముందు నిలబడేది ఒక్కతే,
మా మొదటి గోల్‌కీపర్ గట్టి పిండం,
దానికి జలుబు కూడా చేయదు.

మూడేళ్లలో సిగ్రిడ్ ఆడింది పదకొండు నిమిషాలు.
ఆరు గోళ్లతో ఎలాగూ గెలుస్తున్న రోజు, వానలో.
ఆ సాయంత్రం చేతి తొడుగులు తెచ్చి
తక్కువ వేడి మీద ఆరబెట్టమంది,
పొదగడానికి గుడ్లు అప్పగించినట్టు.

జందీరా వెళ్లిందంటే స్కాలర్‌షిప్‌లో సగం కోసేశారు.
నర్సింగు చదవాలని ఒకమ్మాయి.
కోచ్ మారిన ఏడాదైతే నలుగురు;
కొత్తాయన తన మనుషుల్ని తనే తెచ్చుకున్నాడు,
పాతాయన ఏరి తెచ్చిన వాళ్లది పిలవని పేరంటమైంది.
ఆ కవలలు ఎందుకు వెళ్లారో
వాళ్లమ్మక్కూడా తెలీదు.

మా కాలేజీకి జెర్సీల మీద పేర్లు వేయించేంత డబ్బు లేదు.
నంబరే. పేరంటే లాకరు తలుపుకి టేపు ముక్క.
అందుకే ఇక్కణ్ణించి వెళ్లిపోవడం చవక.

సిగ్రిడ్ మాత్రం అడక్కుండానే చెప్పింది,
జెర్సీ మడత పెడుతూ, విప్పి మళ్లీ పెడుతూ.
"బంతి ఎటు వస్తుందో నాకు ముందే తెలుస్తుంది, లొరేన్,
బెంచీ మీంచి.
తెలిసీ ఊరుకోవడం ఇంక చాతకావట్లేదు."
నేను తలాడించి మేజోళ్లు లెక్కపెట్టాను.
ఒకటి తక్కువ. జత కాదు, ఒకటి.

అక్టోబరులో దాని కొత్త కాలేజీ బస్సు వచ్చింది.
మ్యాచీ చూడ్డానికి నేను పైకెక్కను, ఎప్పుడూ,
కింద పని తెమలదు.
ఆ రోజు ఎక్కాను.
ముందు గోలు వైపే చూశాను.
ఎవరో పొడుగు పిల్ల, ఎర్ర జడ.
సిగ్రిడ్ బెంచీ మీద ఉంది, ఉన్ని టోపీలో.
ఇంత దూరం పోయీ అదే పలక,
దాని బదులు నాకు కోపం వచ్చింది.

దిగిపోబోతుంటే గొంతు వినబడింది.
"ఎడమకి! ఇంకా! ఆగు, ఆగు, ఇప్పుడు!"
నిలబడి అరుస్తోంది సిగ్రిడ్, గీత దాకా వచ్చి.
ఆ మాట వెంటే పొడుగు పిల్ల దూకింది,
మా వాళ్ల బంతి దాని వేళ్లకి తగిలి బయటికి పోయింది.
వాళ్ల కోచ్ తిరిగి చూసి ఏమీ అనలేదు.
మా ఆయనకి బెంచీ మాట్లాడితే గిట్టదు.
ఆ సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది,
మూడేళ్లు ఆ పిల్ల ఎంత సైలెంటుగా ఉండేదో.

మ్యాచీ అయ్యాక నా గదికి వచ్చింది.
డ్రయ్యరు వెనక దొరికిన మేజోడు ఇచ్చాను.
"రెండోది ఎప్పుడో పారేశా" అని నవ్వింది,
నవ్వు సగంలోనే దగ్గయింది.
వేడినీళ్లు అడిగింది.
గొంతు పూర్తిగా పోయింది పిల్లకి.
చంకన పెట్టుకున్న తొడుగులు మాత్రం
పొడిగా, కొత్తవాటిలా ఉన్నాయి.